కౌన్సిలింగ్‌కు వస్తానన్న భర్త మధ్యలో ఎందుకు మానేస్తాడు?

కాచిగూడ, చిక్కడపల్లి, నారాయణగూడ.. ఈ చుట్టుపక్కల ఎక్కడైనా సరే, భర్త కొడుతున్నాడని ఓ ఆడపిల్ల పోలీసుల దగ్గరికి వెళ్తే చాలాసార్లు మొదట వినపడే మాట కౌన్సిలింగ్. ఇద్దరినీ పిలుస్తారు. ఆమె వైపు నుంచి అన్నో మామూనో, అతని వైపు నుంచి అమ్మీ, పెద్దన్న వస్తారు. ఓ గంట మాట్లాడతారు. ఇక చేయి ఎత్తనని అతను కాగితం మీద సంతకం పెడతాడు. మళ్లీ ఫలానా రోజు రమ్మని చెప్తారు. ఆమె ఆ వారంలోనే అత్తగారింటికి వెళ్లిపోతుంది. రెండోసారి అతను వస్తాడు. మూడోసారి రాడు.

రాలేదన్న సంగతి ఆమెకు ఎవరూ చెప్పరు. పుట్టింట్లో అమ్మీ అబ్బా మాత్రం "మన అల్లుడు కౌన్సిలింగ్‌కు వెళ్తున్నాడు, ఇన్‌షా అల్లాహ్ మారుతాడు" అనుకుంటూ ఉంటారు. ఈ వ్యాసం ముఖ్యంగా ఆ అమ్మీ అబ్బాల కోసం.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత (2019-21) లెక్క చూస్తే తెలంగాణలో పెళ్లయిన 18-49 ఏళ్ల ఆడవాళ్లలో సుమారు 37 శాతం మంది భర్త చేతిలో హింస చూసినవాళ్లే. దేశం మొత్తం మీద అది 29 శాతం. హింస పడినవాళ్లలో ఎవరినైనా సాయం అడిగింది దేశంలో 14 శాతమే. నూటికి 77 మంది ఎవరికీ చెప్పుకోలేదు కూడా. అంటే కౌన్సిలింగ్ గది దాకా వచ్చిన ఆడమనిషి ఎంతో ఓర్చుకుని, ఎన్నో ఆపుకుని, ఇక తప్పక వచ్చిందన్నమాట. అక్కడ ఆమెకు ఇచ్చే మాట గాల్లో కలిసిపోతే రెండోసారి గడప దాటడం ఆమెకు ఇంకా కష్టం.

కౌన్సిలింగ్ వేరు, ట్రీట్‌మెంట్ వేరు

మనవాళ్లు ఒకే మాటతో రెండు మూడు పనులను పిలుస్తారు. పెద్దమనుషుల పంచాయతీ, పోలీస్ స్టేషన్‌లో రాజీ, ఫ్యామిలీ కోర్టులో మాట్లాడించడం.. అన్నీ కౌన్సిలింగే. వీటన్నిటి లక్ష్యం సంసారం నిలబెట్టడం. కొట్టే మనిషిని మార్చడం అనేది వేరే పని. దానికి వేరే పద్ధతి ఉంది.

అమెరికాలో బోస్టన్ నగరంలో 1977లో ఎమర్జ్ అనే సంస్థ మొదలైంది. భార్యలను కొట్టే మగవాళ్లతోనే నేరుగా పని చేసిన తొలి సంస్థల్లో అదొకటి. తర్వాత 1980ల మొదట్లో మిన్నెసోటా రాష్ట్రంలోని డులూత్ అనే ఊళ్లో ఎలెన్ పెన్స్, మైకేల్ పేమార్ వంటివాళ్లు ఇంకో పద్ధతి తయారు చేశారు. పదిమంది మగవాళ్లను వారం వారం కూర్చోబెట్టి, కొట్టడం అనేది కోపం వల్ల వచ్చేది కాదు, ఇంట్లో తన మాటే చెల్లాలనే పట్టుదల నుంచి వచ్చేది అని వాళ్ల చేతే ఒప్పించడం ఆ పద్ధతి. ఇది నెలల తరబడి సాగుతుంది. కాలిఫోర్నియాలో ఇలాంటి కేసులో ప్రొబేషన్ మీద బయటికొచ్చిన మనిషి ఏడాది పాటు, వారానికి రెండు గంటలు ఈ క్లాసులకు వెళ్లాలని చట్టంలోనే ఉంది. అక్కడ భార్యాభర్తలను పక్కపక్కన కూర్చోబెట్టరు. పక్కన కూర్చున్న మనిషి రాత్రికి ఇంట్లో ఏం చేస్తాడో అనే భయంతో ఆమె నిజం చెప్పలేదు కాబట్టి.

మన దేశంలో అంత పొడుగు కార్యక్రమం చట్టంలో లేదు. ఉన్నదల్లా 2005 గృహహింస చట్టంలో 14వ సెక్షన్. ఈ చట్టం 2006 అక్టోబర్ 26న అమల్లోకి వచ్చింది. అన్ని మతాల ఆడవాళ్లకూ వర్తిస్తుంది, మన పర్సనల్ లాతో దీనికి గొడవ లేదు. ఈ సెక్షన్ కింద మేజిస్ట్రేట్ కేసు ఏ దశలో ఉన్నా భర్తను గానీ భార్యను గానీ, విడివిడిగా గానీ కలిపి గానీ, కౌన్సిలింగ్‌కు వెళ్లమని చెప్పొచ్చు. అలా చెప్పాక రెండు నెలల లోపే తర్వాతి వాయిదా వేయాలి.

ఈ చట్టానికి 2006లోనే రూల్స్ వచ్చాయి. అందులో 14వ రూల్‌ను మన ఇళ్లలో ఒక్కసారైనా చదివి వినిపించాలని నాకు అనిపిస్తుంది. కౌన్సిలింగ్ జరగాలంటే ముందు భర్త ఇక ఆ పని చేయనని హామీ రాసివ్వాలి. రెండోది ఇంకా ముఖ్యం. "ఆమె ఎదురు మాట్లాడింది, అందుకే కొట్టాను" లాంటి సాకు చెప్పడానికి అతనికి అక్కడ వీల్లేదు. ఈ సంగతి మొదలుపెట్టే ముందే అందరికీ చెప్పాలి. మన పంచాయతీల్లో జరిగేది దీనికి పూర్తిగా తిరకాసు. అక్కడ సగం టైం ఆమె ఏం తప్పు చేసిందో వినడానికే పోతుంది.

వచ్చిన పని అయిపోయింది

పాశ్చాత్య దేశాల్లో ఈ కార్యక్రమాలు 40 ఏళ్లకు పైగా నడుస్తున్నాయి కాబట్టి ఎంతమంది మధ్యలో మానేస్తారో లెక్కలున్నాయి. రకరకాల నేరాలు చేసినవాళ్ల కార్యక్రమాలన్నిటినీ కలిపి 2011లో ఒక పెద్ద విశ్లేషణ వచ్చింది. మొత్తం మీద మానేసినవాళ్లు 27 శాతం ఉంటే, గృహహింస కార్యక్రమాల్లో మానేసినవాళ్లు దాదాపు 38 శాతం. అంటే పదిమంది చేరితే నలుగురు మధ్యలో పోతున్నారు. అదీ కోర్టు భయం ఉన్నచోట.

ఎందుకు పోతారు? నాకు అర్థమైనంతలో అన్నిటికంటే పెద్ద కారణం చాలా మామూలుది. అతను మారడానికి రాలేదు. భార్య తిరిగి రావాలని వచ్చాడు, లేదా కేసు కాకూడదని వచ్చాడు. ఆమె తిరిగి వచ్చింది, ఫిర్యాదు వాపస్ తీసుకుంది. ఇక ఆ గదిలో అతనికి పనేముంది? షాపులో కొన్న వస్తువు చేతికొచ్చాక ఎవరూ మళ్లీ కౌంటర్ దగ్గర నిలబడరు కదా. అతని లెక్కలో అది బేరం. ఆ బేరం మొదటి రెండు సిట్టింగుల్లోనే కుదిరిపోయింది.

ఇది ఇంకోవైపు నుంచి కూడా తెలిసిన విషయమే. ఎడ్వర్డ్ గొండోల్ఫ్ అనే పరిశోధకుడు 1988లో అమెరికాలో ఆశ్రమాల్లో తలదాచుకున్న ఆడవాళ్ల మీద చేసిన అధ్యయనంలో, ఆమె తిరిగి భర్త దగ్గరికి వెళ్తుందా లేదా అనేది అన్నిటికంటే ఎక్కువగా దేని మీద ఆధారపడిందంటే, భర్త కౌన్సిలింగ్‌లో చేరాడా లేదా అన్నదాని మీద. చేరడం మీద! పూర్తి చేయడం మీద కాదు. మన ఇళ్లలోనూ ఇంతే. చేరాడని వినగానే పుట్టింటివాళ్లు గుండెల మీద బరువు దిగినట్టు అమ్మాయి బట్టలు సర్దుతారు.

రెండో కారణం, తప్పు తనది అని అతను అనుకోకపోవడం. "ముందు ఆమెకు ఇప్పించండి కౌన్సిలింగ్" అనే మాట ఇలాంటి గదుల్లో ప్రపంచమంతా వినపడుతుంది. మన సమాజం కూడా అతనికి తోడు నిలుస్తుంది. భర్త భార్యను కొట్టడానికి సర్వేలో అడిగిన ఏడు కారణాల్లో కనీసం ఒకదానికి సరేనన్న ఆడవాళ్లు తెలంగాణలో దాదాపు 84 శాతం. దేశంలోనే ఇది అన్నిటికంటే ఎక్కువ. ఆడవాళ్లే సరే అంటున్న పనికి తాను ఏడాదిపాటు క్లాసులు ఎందుకు వినాలని అతను అనుకుంటే ఆశ్చర్యమేముంది. మనలో కొందరు ఖుర్ఆన్ ఆయతును కూడా అడ్డం పెట్టుకుంటారు. అల్లాహ్ ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం తన చేత్తో ఏనాడూ ఏ స్త్రీనీ కొట్టలేదని హజ్రత్ ఆయిషా రజియల్లాహు అన్హా చెప్పిన హదీస్ సహీహ్ ముస్లింలో ఉంది. అది మాత్రం ఆ సమయంలో ఎవరికీ గుర్తు రాదు.

ఒక పూట కూలి

ఇక డబ్బు. నేను చదివింది కామర్స్ కాబట్టి ఇక్కడ కాస్త ఆగుతాను. నింబోలిఅడ్డ దగ్గర ఓ మెకానిక్ ఉన్నాడనుకుందాం. రోజుకు 800 సంపాదిస్తాడు. నాంపల్లి కోర్టు దగ్గరకో, అసెంబ్లీ పక్కన హాకా భవన్‌లో ఉన్న భరోసా కేంద్రానికో పొద్దున 11 గంటలకు రమ్మన్నారనుకుందాం. పోవడం, అక్కడ ఎదురుచూడటం, తిరిగి రావడం.. ఒక పూట పోయింది. 400 రూపాయలు. కాలిఫోర్నియాలో మాదిరి 52 వారాలు అంటే 20,800. పైగా వారానికో రోజు రానివాడిని ఏ షెడ్డు యజమానీ ఉంచుకోడు. ఎందుకు సెలవు అని అడిగితే నిజం చెప్పలేడు.

ఇది సాకు అని కొట్టిపారేయలేం. విదేశీ పరిశోధనల్లో మానేసేవాళ్లెవరని చూస్తే వయసు తక్కువవాళ్లు, స్థిరమైన పని లేనివాళ్లు, ఆదాయం, చదువు తక్కువ ఉన్నవాళ్లు, పాత కేసులున్నవాళ్లు, తాగేవాళ్లు ఎక్కువగా కనపడతారు. ఉద్యోగం, పరువు, ఇల్లు లాంటివి పోతాయేమో అని భయపడేవాడు పూర్తి చేస్తాడు. పోగొట్టుకోవడానికి ఏమీ లేనివాడు లేచి వెళ్లిపోతాడు. సాయంత్రం వేళ, ఆదివారం, బస్తీకి దగ్గర్లో పెడితే వీళ్లలో కొందరైనా ఆగుతారు. కానీ ఒక్క మాట. అదే మనిషి పెళ్లిళ్లకు, క్రికెట్ మ్యాచ్‌కు పూట పోగొట్టుకోవడానికి వెనకాడడు. కూలి పోవడం నిజమే, అన్నిసార్లూ అదే అసలు కారణం మాత్రం కాదు.

తాగుడు సంగతి మనలో మాట్లాడటానికి సిగ్గుపడతాం, కానీ మాట్లాడాలి. 15 ఏళ్లు దాటిన మగవాళ్లలో తాగేవాళ్లు తెలంగాణలో 43 శాతం. భర్త తరచుగా తాగి వచ్చే ఇళ్లలో 70 శాతం మంది ఆడవాళ్లు హింస చూశామన్నారు. అసలు తాగని భర్తల ఇళ్లలో అది 23 శాతం. తాగేవాడు పొద్దున 11 గంటల సిట్టింగ్‌కు నిలకడగా రావడం కష్టం. అతనికి ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థలో తాగుడు మాన్పించే వైద్యం కూడా పక్కపక్కనే జరగాలి. అయితే ఆ 23 శాతాన్ని మర్చిపోకండి. చుక్క ముట్టనివాళ్లూ కొడుతున్నారు. కాబట్టి తాగుడు మానితే చేయి ఆగుతుందని ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరు.

ఇంటివాళ్ల పాత్ర కూడా ఉంది. "మర్ద్ అయ్యుండి వాళ్ల ముందు తల వంచుకుని కూర్చుంటావా" అని అన్న అంటాడు. "ఘర్ కీ బాత్ ఘర్ మే రహ్‌నే దో" అని అమ్మీ అంటుంది. బర్కత్‌పుర నుంచి నారాయణగూడ దాకా అందరూ అందరికీ తెలిసిన గల్లీలు మనవి. ఆ గది ముందు ఎవరైనా చూస్తే మొహల్లా అంతా తెలుస్తుందన్న భయం ఇంకోటి.

రాకపోతే ఏమవుతుంది?

ఏమీ కాదు. చాలా మంది మానేయడానికి ఇదే చాలు.

గృహహింస చట్టంలో రక్షణ ఉత్తర్వును కాదంటే 31వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు, 20 వేల దాకా జరిమానా ఉంది. కౌన్సిలింగ్‌కు డుమ్మా కొడితే ఇంత శిక్ష అని 14వ సెక్షన్‌లో లేదు. పోలీస్ స్టేషన్‌లో రాజీ అయితే అది కోర్టు ఉత్తర్వు కూడా కాదు, ఉట్టి సంతకం. బైక్ లోన్ ఈఎంఐ ఒక్కటి తప్పితే మర్నాడు పొద్దున ఫోన్ వస్తుంది, సాయంత్రానికి మనిషి వస్తాడు. భార్యను కొట్టిన మనిషి మూడు సిట్టింగులు తప్పించినా ఫోన్ చేసే నాథుడు ఉండడు.

ఫోన్ చేస్తే తేడా ఉంటుందా? ఉంటుంది. అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో, క్లాసులకు వెళ్తున్నావో లేదో కోర్టుకొచ్చి చూపించాలని నిబంధన పెట్టారు. అంతకు ముందు అసలు చేరకుండానే తప్పించుకునేవాళ్లు 36 శాతం ఉండేవాళ్లు. తర్వాత 6 శాతానికి పడిపోయింది. పూర్తి చేసినవాళ్లు సగానికి తక్కువ నుంచి 65 శాతానికి పెరిగారు. ఇంకో అధ్యయనంలో ఒక సిట్టింగ్ తప్పిన వెంటనే ఫోన్ చేసి, చేత్తో రాసిన చీటీ పంపితే హాజరు బాగా పెరిగింది. ఈ రెండిటికీ పెద్ద ఖర్చేమీ కాదు. ఒక రిజిస్టర్, ఒక ఫోన్, అడిగే మనిషి ఒకరు చాలు.

ఇక్కడ ఒక నిజం దాచకూడదు. పూర్తి చేసినంత మాత్రాన అందరూ మారిపోరు. 2004లో జూలియా బాబ్‌కాక్, మరికొందరు కలిసి పాత అధ్యయనాలన్నీ ఒకచోట పెట్టి చూస్తే, అరెస్టు, శిక్షతో పాటు కార్యక్రమానికి కూడా పంపినవాళ్ల భార్యల మీద మళ్లీ దాడి జరిగే అవకాశం కేవలం 5 శాతం తగ్గింది. అంతే. మరి మానేసినవాళ్ల గురించి ఎందుకింత బెంగ? ఎందుకంటే మానేసేవాళ్లే ఎక్కువ ప్రమాదకరమైనవాళ్లు. ముందు చెప్పిన 2011 విశ్లేషణ కూడా మధ్యలో వెళ్లిపోయినవాళ్లు మళ్లీ నేరం చేసే అవకాశం ఎక్కువని తేల్చింది. కాబట్టి అతను మూడో సిట్టింగ్‌కు రాకపోవడం అనేది ఒక వార్త. ఆ వార్త అందరికంటే ముందు ఆమెకు తెలియాలి.

పుట్టింటివాళ్లు చేయాల్సింది

సూరె నిసా 35వ ఆయతులో భార్యాభర్తల మధ్య చీలిక వస్తుందనిపిస్తే అతని ఇంటి నుంచి ఒకరిని, ఆమె ఇంటి నుంచి ఒకరిని మధ్యవర్తులుగా పెట్టమని ఉంది. మన పెద్దలు దీన్ని ఒక్క రోజు కూర్చుని దువా చేసి లేచే పనిగా మార్చేశారు. ఆమె వైపు మధ్యవర్తి అంటే ఆ తర్వాత కూడా ఆమె వైపు చూసేవాడు కదా. పెద్దమనుషులను పిలిచిన ఇంట్లోవాళ్లు వాళ్లను ఇలా అడగాలి: ప్రతి సిట్టింగ్ రోజు అతను వెళ్లాడో లేదో కనుక్కునే బాధ్యత మీలో ఎవరిది? పేరు చెప్పండి.

అమ్మాయిని పంపే ముందు ఆగండి. పంపాల్సి వచ్చినా కేసు వాపస్ తీసుకోకండి. కౌన్సిలింగ్ నడుస్తుండగానే 18వ సెక్షన్ కింద రక్షణ ఉత్తర్వు, 23వ సెక్షన్ కింద తాత్కాలిక ఉత్తర్వు అడగొచ్చు. ఒకటి ఉంటే ఇంకోటి ఉండకూడదని ఎక్కడా లేదు. ఆ ఉత్తర్వు చేతిలో ఉంటేనే 31వ సెక్షన్ పని చేస్తుంది. అతని పక్కన కూర్చుని మాట్లాడలేనని, విడిగా మాట్లాడతానని ఆమె చెప్పొచ్చు. చట్టంలోనే విడివిడిగా అని ఉంది. ఇక బతకలేనని ఆమె తేల్చుకుంటే ఖులా దారి ఉంది. 1939 ముస్లిం వివాహాల రద్దు చట్టంలో భర్త క్రూరత్వం కూడా ఒక కారణమే. భర్త కౌన్సిలింగ్‌కు వెళ్తున్నాడన్న ఒక్క మాట మీద ఆ దారులు మూసుకోవాల్సిన పనిలేదు.

ఎవరిని అడగాలో తెలియకపోతే 181 మహిళా హెల్ప్‌లైన్ రోజంతా పని చేస్తుంది. కాచిగూడకు పక్కనే ఉన్న బాగ్‌లింగంపల్లి కేంద్రంగా భూమిక సంస్థ 2006 నుంచి హెల్ప్‌లైన్ నడుపుతోంది. నంబరు 1800 425 2908. పాతబస్తీలో జమీలా నిషాత్ గారు మొదలుపెట్టిన షాహీన్ సంస్థ ఉంది, అక్కడ ఉర్దూలోనే మాట్లాడొచ్చు. ఇప్పుడే కొడుతుంటే 100 లేదా 112.

కోర్టు ద్వారా కౌన్సిలింగ్‌కు పంపినవాళ్లకు ఇంకో విషయం. మేజిస్ట్రేట్ వేసిన ఆ రెండు నెలల లోపు వాయిదా తేదీని ఫోన్‌లో రాసి పెట్టుకోండి. ఆ రోజు ఆమె గానీ, ఆమె వకీలు గానీ తప్పకుండా వెళ్లాలి. కౌన్సిలర్ రిపోర్టు వచ్చిందా, అతను ఎన్నిసార్లు హాజరయ్యాడు అని అడగాలి. రాలేదని తేలితే మళ్లీ కౌన్సిలింగ్ అనకుండా, రక్షణ ఉత్తర్వు ఇవ్వమని అదే రోజు రాతపూర్వకంగా కోరవచ్చు.